చేదు తెలియని నాలుక

పోయిన వారం మనం వేదశ్రీని చినగరికపాడులో, బుల్లయ్య ఇంటి ముందు, చెప్పులు విప్పి కూడా లోపలికి వెళ్ళలేక నిలబడి ఉండగా వదిలేశాం. ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. చావు జరిగిన ఇంట్లోకి వెళ్ళాలంటే ఎవరికైనా కాళ్ళు బరువే. ఆ చావు గురించిన కాగితం ఒకటి సంచీలో పెట్టుకుని వచ్చిన మనిషికి ఇంకొంచెం బరువు.

మధ్యలో వచ్చి కలిసినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పుకుందాం. గుంటూరు బయట కారప్పొడి మిల్లులో బుల్లయ్య ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. ఘాటుండే తేజ మిరప ఎంత, రంగుకు వేసే బాడిగ మిరప ఎంత కలపాలో, పొడిలో ఘాటు సరిపోయిందో లేదో చిటికెడు నాలుక మీద వేసుకుని చెప్పడం ఆయన పని. లేబొరేటరీలో మిషను ఏ అంకె చూపించినా, బుల్లయ్య తల ఊపితేనే బస్తాలు కుట్టేవాళ్ళు. శనివారం నాడు గాలిలో లేచే కారం దుమ్మును పట్టి ఉంచే గుడ్డసంచుల గది శుభ్రం చేయడానికి మనుషులు చాలక ఆయనా మాస్కు పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. గంటన్నర తర్వాత దగ్గుకుంటూ బయటికి వచ్చాడు. ఆదివారం తెల్లవారేసరికి ఆస్పత్రి మంచం మీద ఊపిరి ఆగిపోయింది. ముక్కులోనూ గొంతులోనూ కారం ఉందని డాక్టరు రాశాడు.

వేదశ్రీ ఆ మిల్లులో సేఫ్టీ ఆఫీసరు. ఉద్యోగంలో చేరి పదకొండు నెలలు. ఎవరి మొహానికి ఏ మాస్కు సరిగ్గా కూర్చుందో పరీక్ష చేసి సంతకం పెట్టింది తనే. బుల్లయ్య మాస్కు బ్రహ్మాండంగా కూర్చుందని ఆ ఫారం చెబుతోంది. మరి గొంతులోకి కారం ఎలా వెళ్ళింది? మాస్కు తీసేసి ఉంటాడు, అంతే, అని తేల్చేశాడు మేనేజరు రామకాంత్. రేపు బుధవారం ఫ్యాక్టరీల తనిఖీ అధికారి వస్తాడు. ఆలోగా 'మా ఆయనకు మాస్కు తీసేసే అలవాటు ఉంది' అని బుల్లయ్య భార్య చేత సంతకం పెట్టించుకు రమ్మని వేదశ్రీని పంపాడు. సంతకం పెడితే కూతురు శ్రీరమ్యకి మిల్లులో ఉద్యోగం. ఆడపిల్లవు, నువ్వు వెళ్తే బాగుంటుందని ఒక ముక్క కూడా కలిపాడు. ఇలాంటి పనులకు మాత్రమే ఆడపిల్లలు గుర్తొచ్చే మహానుభావులు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు.

ఈ రోజు మూడో రోజు, చిన్నదినం. ఇంటి ముందు టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో మగవాళ్ళు కూర్చున్నారు. పక్కన మూడు రాళ్ళ పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. గరిటె పట్టుకుని పొయ్యి దగ్గర ఉన్న పెద్దామె తల ఎత్తి చూసింది. ఆమె వెంకటేశ్వరమ్మ, బుల్లయ్య అక్క.

"ఎవరమ్మా నువ్వు?"

"మిల్లు నుంచి వచ్చానండి. బసవమ్మ గారిని చూడాలి."

మిల్లు అన్న మాటకి కుర్చీలన్నీ ఇటు తిరిగాయి. వెంకటేశ్వరమ్మ గరిటెతో సహా లేచి వచ్చింది.

"మా తమ్ముడు మాస్కు తీసేశాడని అంటున్నారంట గదా మీ మిల్లోళ్ళు. మావాడు పెళ్ళిలో నొసటన కట్టిన బాసికం కూడా పంతులు తియ్యమనేదాకా తియ్యలేదు. అన్నం తినేటప్పుడు కూడా అట్టాగే ఉంచుకుంటే ఊరంతా నవ్వారు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషమ్మా వాడు. వాడు తీస్తాడా?"

బుల్లయ్యను ఎరిగిన ఎవరైనా ఆ మాటే అంటారు. మిల్లులో తలకు గుడ్డ కట్టుకోమంటే మొదట కట్టుకునేవాడు, చేతులు కడుక్కోమంటే మోచేతుల దాకా కడుక్కునేవాడు.

వెంకటేశ్వరమ్మకు జవాబుతో పని లేనట్టుంది. గుమ్మం వైపు తిరిగి గొంతు పెంచింది. "బసవా, పొద్దుట్నించీ అడుగుతున్నా. వాడికి ఇష్టమైనవి వండి పెట్టాలి గదే. ఏం వండమంటావో చెప్పు. గోంగూరా, దోసకాయ పప్పా?"

"నీ ఇష్టం వదినా," అని లోపలినుంచి సన్నగా వినిపించింది.

"నా ఇష్టమేందే? పోయింది నేనా?" అంది వెంకటేశ్వరమ్మ. అనేసి, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వేదశ్రీని లోపలికి పొమ్మని గరిటెతోనే సైగ చేసింది.

లోపలి గదిలో గోడకు ఆనుకుని చాప మీద బసవమ్మ కూర్చుని ఉంది. నలభై అయిదేళ్ళు ఉంటాయి. మిల్లులో మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో పదిహేనేళ్ళుగా పని. వేళ్ళ చివర్లు ఎర్రబడి, నున్నగా అయిపోయి ఉన్నాయి. ఆధార్ మిషను మీద ఆమె వేలిముద్ర పడదని షెడ్డులో అందరూ నవ్వుకునేవాళ్ళు. వేదశ్రీని చూసి లేవబోయింది.

"మీరు కూర్చోండి," అని వేదశ్రీ తనే చాప అంచు మీద కూర్చుంది. ఆటోలో వస్తూ కూడగట్టుకున్న పరామర్శ మాటలు మొదలుపెట్టబోయింది.

"కాగితం తెచ్చారా?" అని బసవమ్మే అడిగింది.

"మీకు తెలుసా?"

"పొద్దున మేనేజరు గారు ఫోన్ చేశారు. అమ్మాయి వస్తుంది, సంతకం పెట్టి పంపమ్మా, మీ శ్రీరమ్య బాధ్యత మాది అన్నారు. మంచిగానే మాట్లాడారు."

వేదశ్రీ సంచీ పట్టీని వేలికి చుట్టుకుంది. తియ్యనా, మాననా? తీస్తే ఈ మనిషి మొహం చూడలేను. తియ్యకపోతే రామకాంత్ మొహం చూడాలి. పదకొండు నెలల ఉద్యోగం ఏం కాను? ఇలా రెండు వైపులా లెక్క చూసుకుంటున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"మా వదిన అడుగుతోంది, విన్నారా, ఆయనకేం ఇష్టమని?" అంది బసవమ్మ. "నన్ను ఏం చెప్పమంటారు? నాలుగేళ్ళుగా ఆయనకి ఇష్టాల్లేవు."

"షుగర్ ఉండేదా అండీ?"

బసవమ్మ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. మళ్ళీ కూర్చోడానికి కొంచెం టైము పట్టింది. గొంతు తగ్గించి చెప్పింది.

"షుగరు కాదమ్మా. ఆయనకి రుచి తెలీదు."

వేదశ్రీకి అర్థం కాలేదు. కారప్పొడి మిల్లులో బుల్లయ్యకు రుచి తెలియదనడం, గుడ్డివాడు బస్సు నడుపుతున్నాడని చెప్పినట్టుంది.

"కరోనా రెండోసారి వచ్చింది చూడండి, అప్పుడు పోయింది. అందరికీ నెలకో రెణ్ణెల్లకో తిరిగొచ్చిందిగా. ఈయనకి రాలేదు. ఉప్పూ, చేదూ, ఆఖరికి కారం మంట కూడా తెలిసేది కాదు. నాకూ చెప్పలేదు. ఒకరోజు పప్పులో ఉప్పు మర్చిపోయా. శుభ్రంగా తినేసి, బాగుందే అని చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత నేను తింటే తెలిసింది. మర్నాడు కావాలనే వెయ్యలా. అదీ తిన్నాడు, అదీ బాగుందన్నాడు. మూడోరోజు కూర్చోబెట్టి అడిగా. కంచం ముందు కూర్చుని ఏడ్చాడమ్మా. పెళ్ళయినకాడ్నుంచీ ఆయన ఏడవడం నేను చూళ్ళేదు."

"మరి మిల్లులో... నేను చూశానండి. నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని చెప్పేవారు కదా. ఎప్పుడూ తప్పేది కాదు కదా."

"తప్పదు. ఎందుకు తప్పుద్ది?" బసవమ్మ మొహంలో ఒక్క క్షణం ఏదో వెలిగింది. మొగుడు పోయిన మూడో రోజున ఆ వెలుగు రావడం ఆమెకే సిగ్గనిపించిందేమో, తల దించుకుంది. "అన్నం టైముకి కాగితంలో చిటికెడు చుట్టుకుని నా దగ్గరికి వచ్చేవాడు. నేను అన్నంలో కలుపుకుని తినేదాన్ని. తేజ ఎక్కువైంది, బాడిగ ఇంకో బస్తా వెయ్యి అనేదాన్ని. లేపోతే సరిపోయింది అనేదాన్ని. పోయి అదే చెప్పేవాడు. అందరూ ఏమనుకునేవాళ్ళు? బుల్లయ్యకి పెళ్ళామంటే ఎంత ప్రేమ, రోజూ కూడా కూర్చుని తింటాడు అనుకునేవాళ్ళు. ప్రేమ లేదని కాదులే. నాలుగేళ్ళు మీ మిల్లుకి నాలిక నేనేనమ్మా."

వేదశ్రీ వింటున్నది బసవమ్మ మాటలే గాని, చూస్తున్నది మూడు నెలల కిందటి ఒక పొద్దుటిపూట.

ఆ పరీక్ష ఎలా చేస్తారో ఇక్కడ చెప్పాలి. మనిషి తల మీద తేనెపట్టు తీసేవాళ్ళ ముసుగు లాంటి సంచి ఒకటి తొడుగుతారు. మొదట మాస్కు లేకుండా, సంచిలోకి చేదు మందు ఒక పిసరు చల్లుతారు. చేదు తెలిసిందా అని అడుగుతారు. తెలిసింది అంటేనే ఆ మనిషి పరీక్షకు పనికొస్తాడు. తర్వాత మాస్కు పెట్టి మళ్ళీ చల్లుతారు. తల అటూ ఇటూ తిప్పమంటారు, పైకి ఏదైనా చెప్పమంటారు. అప్పుడు చేదు తెలియకపోతే మాస్కు బాగా కూర్చున్నట్టు. తెలిస్తే ఎక్కడో సందు ఉన్నట్టు. మొదటి మెట్టు లేకపోతే రెండోది వట్టి తమాషా. వేదశ్రీకి ఇది చదువులోనూ చెప్పారు, ట్రైనింగులోనూ చెప్పారు.

ఆ రోజు నలభై మందికి చేయాలి. మధ్యాహ్నం మూడింటికి సరుకు కొనే కంపెనీ తరఫున ఆడిట్ వాళ్ళు వస్తున్నారు. మనిషికి ఇరవై నిమిషాలు పట్టే పనిని రామకాంత్ ఐదు నిమిషాల్లో కానిమ్మన్నాడు. వేదశ్రీ మొదటి మెట్టు ఎగరగొట్టేసింది. 'మాస్కు లేకుండా చేదు తెలిసింది' అన్న గడిలో నలభై ఫారాలకూ వరసగా టిక్కులు కొట్టుకుంటూ పోయింది. ముగ్గురు నలుగురి దగ్గర మనసు పీకింది గాని, బుల్లయ్య వచ్చి కూర్చున్నప్పుడు అదీ లేదు. ఊరంతటికీ ఘాటు చెప్పే మనిషిని నీ నాలుక పనిచేస్తోందా అని అడిగితే నవ్విపోతారు. పైగా ఆయన సంచి లోపలినుంచి తేజ, బాడిగ, సూపర్ టెన్, మూడొందల ముప్పై నాలుగు అని మిరప రకాలన్నీ అప్పజెబుతుంటే అందరితో పాటు తనూ నవ్వింది.

చేదు తెలిసిందా బుల్లయ్య గారూ? లేదమ్మా, ఏం తెలీట్లేదు. భేష్, అందరికంటే మీకే బాగా కూర్చుంది, అంది వేదశ్రీ. ఆ 'భేష్' ఇప్పుడు చెవిలో మోగుతోంది.

"ఆ రోజు మీరు చేదు మందు కొట్టిన రోజు," అని బసవమ్మ మొదలుపెట్టేసరికి వేదశ్రీ ఉలిక్కిపడింది. "పొద్దునే అయిపోయినోళ్ళు షెడ్డులోకొచ్చి చెప్పారు. చేదు తెలిసిందంటే పట్టీలు బిగించి మళ్ళీ మళ్ళీ చేస్తోంది మేడం, తెలీలేదంటే పొమ్మంటోంది అని జక్రయ్య చెప్పాడు. ఈయనకి భయమేసింది. నా దగ్గరికొచ్చి, ఏం చెప్పాలే బసవా, తెలిసిందనాలా, తెలీలేదనాలా అని అడిగాడు. ఎట్టా చెబితే దొరికిపోతాడో తెలీదు గదా పాపం."

బసవమ్మ ఎర్రటి వేళ్ళతో చాప పుల్లలు గిల్లుతూ కూర్చుంది.

"తెలీలేదను, పంపించేస్తారు, అన్నా. నేనే అన్నానమ్మా. రోజూ నా మాట విని చెప్పేవాడు గదా, అదీ విన్నాడు. చేదుగా ఉందని చెప్పమని ఉంటే మీరు పట్టీ బిగించేవాళ్ళు. వేరే మాస్కు తెచ్చిచ్చేవాళ్ళు. నాలుగేళ్ళలో నా నాలిక ఒక్కరోజు కూడా తప్పు చెప్పలా. ఆ ఒక్కరోజూ తప్పు చెప్పింది. నా మొగుణ్ణి నేనే చంపుకున్నా."

ఇక్కడ వేదశ్రీ నోరు పెగల్లేదని రాయొచ్చు. సీరియళ్ళలో అలాగే రాస్తారు. కానీ నోరు బాగానే ఉంది. లేనిది ధైర్యం. తప్పు మీది కాదండీ, మొదటి మెట్టు ఎగరగొట్టింది నేను, అని ఒక్క వాక్యం చెబితే ఎదురుగా ఉన్న మనిషి గుండె మీది బండ దిగిపోతుంది. ఆ బండ తన నెత్తిన పడుతుంది. ఆ భయంతో బసవమ్మ చెయ్యి పట్టుకుని, "అలా అనుకోకండి," అని మాత్రం అంది. ఆ మాట చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

"మాస్కు మాత్రం తియ్యలేదమ్మా ఆయన," అంది బసవమ్మ కళ్ళు తుడుచుకుని. "మొహం కడిగింది నేనేగా. ముక్కు దూలం మీద నుంచి గడ్డం కింద దాకా మాస్కు గీత అచ్చు పడి ఉంది. గీత బయటంతా కారమే. లోపల మాత్రం ఎడం దవడ గుంట కాడ సన్నగా, చీమల బారులాగా, నోటి దాకా పోయింది. తీసుంటే మొహమంతా ఒకటే ఎరుపు ఉండాలిగా."

ఎడమ దవడ గుంట. కరోనా తర్వాత చిక్కిపోయిన మొహం. అందరికీ ఒకటే మధ్య సైజు తెప్పించాడు రామకాంత్. ఆ గుంట దగ్గర మాస్కు అంచు చర్మానికి ఆనలేదు, గంటన్నర సేపు ఆ సందులోంచే కారం పోయింది. వేదశ్రీకి అంతా కళ్ళ ముందు కనబడింది. వేరే ఏ సాక్ష్యమూ అక్కర్లేదు.

"మరైతే మీరు ఈ సంతకం పెట్టకూడదు కదండీ," అంది. ఈ మాత్రమైనా అనగలిగినందుకు ఆ పిల్లను మనం కొంచెం మెచ్చుకోవచ్చు.

బసవమ్మ చెయ్యి చాపింది. "ఇవ్వండి, పెడతా."

"తియ్యలేదని మీరే అంటున్నారుగా?"

"తియ్యలేదని అంటే, మరి ఎట్టా పోయిందని అడుగుతారు. చేదు తెలీలేదని ఎందుకన్నాడని అడుగుతారు. తవ్వుకుంటా పోతే నాలిక సంగతి బయటికొస్తది. మాస్కు తీశాడంటే ఏముందమ్మా, ఉక్కపోతకి అందరూ తీస్తారు. పాపం గాలాడక తీశాడు అనుకుంటారు. నాలిక లేకుండా నాలుగేళ్ళు మిల్లుని నమ్మించాడని తెలిస్తే ఏమంటారు? ఇరవై రెండేళ్ళు ఆ నాలిక మీద బతికాడు. గుంటూరు మిర్చి యార్డులో షావుకార్లు లేచి నిలబడి పలకరించేవాళ్ళు. మనిషి ఎట్టాగూ పోయాడు. పేరన్నా ఉండనీ."

వేదశ్రీ కాగితం తీసింది. తియ్యకుండా ఉండాల్సిందని మీరూ అంటారు, నేనూ అంటాను. తీసింది. బసవమ్మ పెన్ను పట్టుకుని, ఒక్కో అక్షరం గట్టిగా నొక్కుతూ పేరు రాసింది. పిల్లల పలక మీద రాసినట్టు గుండ్రంగా ఉన్నాయి అక్షరాలు. పెళ్ళయిన కొత్తలో ఆయనే నేర్పాడంది.

సంతకం అవగానే ఫోటో తీసి పంపమన్నాడు రామకాంత్. వేదశ్రీ ఫోన్ తీసి, ఫోటో తీసి, పంపించేసింది. వేలు ఎందుకంత తొందరగా కదిలిందో తర్వాత ఎన్నిసార్లు ఆలోచించుకున్నా ఆమెకు ఒకటే జవాబు దొరికింది. ఆ ఫోటో వెళ్ళిన క్షణంలో తను బతికిపోయానని అనిపించింది. నిజంగానే ఒంట్లో బరువు దిగినట్టు అనిపించింది. ఒకరి ఇంట్లో చావు కూడు ఉడుకుతుంటే తనకు హాయిగా ఉందే అని తెలిసి, ఫోన్ తెరను అరచేత్తో కప్పేసింది.

అప్పుడు తలుపు తోసుకుని శ్రీరమ్య వచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, డిగ్రీ రెండో సంవత్సరం. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"అమ్మా, ఇది పొద్దున మిల్లు వ్యాను డ్రైవరు నజీర్ ఇచ్చి వెళ్ళాడు. గురువారం నుంచి రమ్మన్నారంట. బడిలో చేర్చుకుంటే పుస్తకాలిచ్చినట్టు అన్నీ ఇచ్చారు." కవర్లోంచి తలగుడ్డ, చేతి తొడుగులు, కొత్త మాస్కు తీసి చాప మీద పెట్టింది. చివరికి ఒక కాగితం తీసి వేదశ్రీకి ఇచ్చింది. "మేడం, ఇది నాకు అర్థం కాలేదు. మీరే కదా చేసేది?"

వేదశ్రీ చూసింది. మాస్కు పరీక్ష ఫారం. పేరు శ్రీరమ్య. పని చేసే చోటు, పొడి ఆడించే హాలు. మాస్కు సైజు, మధ్య. మాస్కు లేకుండా చేదు తెలిసింది, టిక్కు. మాస్కుతో తెలియలేదు, టిక్కు. సరిగ్గా కూర్చుంది. నిన్నటి తేదీ. నిన్న ఈ పిల్ల తండ్రి కోసం వెలిగించిన దీపం పక్కన కూర్చుని ఉంది.

అడుగున సంతకం వేదశ్రీది.

ఎవరో తన సంతకం దొంగగా పెట్టారని ఒక్క క్షణం కోపం వచ్చింది. మరుక్షణం కోపం చల్లారిపోయింది. అది దొంగ సంతకం కాదు. ఆడిట్ రోజు హడావుడిలో, రానివాళ్ళకి తర్వాత చేసి నింపుదువుగాని, ముందు సంతకాలు పెట్టి పడెయ్ అని రామకాంత్ కొన్ని ఖాళీ ఫారాలు ముందు పెట్టాడు. ఎన్నో కూడా లెక్క పెట్టుకోకుండా పెట్టేసింది.

"నన్ను మీరు ఎప్పుడు పరీక్ష చేశారు మేడం?" అని అడిగింది శ్రీరమ్య. అడగడంలో ఆరా లేదు, అనుమానం లేదు. నిజంగానే తెలియక అడిగింది. తండ్రి పోలికే, చెప్పింది నమ్మే మొహం. ఎముకలు తేలిన ఆ చిన్న మొహం మీద మధ్య సైజు మాస్కు పెడితే రెండు దవడల దగ్గరా సందే.

ఇంత సేపూ రాని మాట అప్పుడు వచ్చింది.

"నిన్ను నేను పరీక్ష చెయ్యలేదమ్మా," అంది వేదశ్రీ. "మీ నాన్నగారినీ చెయ్యలేదు."

బసవమ్మ తల ఎత్తింది. "అదేంటమ్మా, ఆ రోజు..."

"ఆ రోజు చేసింది సగమే. ముందు మాస్కు లేకుండా చేదు చల్లి, తెలుస్తోందా అని అడగాలి. అది తెలియనివాళ్ళకి ఆ పరీక్ష చెయ్యకూడదు, వేరే పద్ధతి ఉంది. నేను అడగలేదు. ఎవరినీ అడగలేదు. అడిగానని నలభై మందికీ రాసేశాను. అడిగి ఉంటే ఆ రోజే తెలిసేది. ఆయన్ని ఆ గదిలోకి వెళ్ళనిచ్చేదాన్ని కాదు."

బసవమ్మ తిడుతుందని వేదశ్రీ ఎదురుచూసింది. కొడితే బాగుండనుకుంది. బసవమ్మ ఆమె మొహంలోకి చూస్తూ, చాలా నెమ్మదిగా అడిగింది.

"అంటే, నేను చెప్పిన మాట వల్ల కాదా?"

"కాదండి. మీరు చెప్పకపోయినా ఆయన అదే చెప్పేవారు. తెలియలేదు కాబట్టి తెలియలేదన్నారు. నిజం చెప్పింది ఆయన. అబద్ధం రాసింది నేను."

బసవమ్మ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. మూడు రోజులుగా పోయినవాడి కోసం ఏడ్చింది, ఇప్పుడు తన కోసం ఏడ్చింది. గొంతులోంచి వచ్చిన ఆ శబ్దానికి శ్రీరమ్య భయపడి తల్లిని పట్టుకుంది. వేదశ్రీ ముట్టుకోబోతే బసవమ్మ చెయ్యి విదిలించింది. అందులో కోపం ఉంది, ఉండాలి కూడా. మూడు రోజులు మోయాల్సిన అవసరం లేని పాపాన్ని ఆమె మోసింది. అందులో చివరి అరగంట, ఎదురుగా కూర్చుని చూస్తూ కూడా ఈ పిల్ల మోయనిచ్చింది.

కాసేపటికి బసవమ్మ మొహం తుడుచుకుని, చాప మీదున్న కొత్త మాస్కు చేతిలోకి తీసుకుంది. కూతురి మొహం దగ్గర పెట్టి చూసింది. ఎడమ దవడ దగ్గర అంచుకీ చర్మానికీ మధ్య తన చిటికెన వేలు పెట్టింది. వేలు సులువుగా దూరిపోయింది.

"నేను సంతకం పెట్టిన కాగితం ఇటివ్వు," అంది. మీరు, అమ్మా అన్నవి ఆమె నోటినుంచి పోయాయి.

వేదశ్రీ ఇచ్చింది. బసవమ్మ దాన్ని నాలుగు ముక్కలు చేసింది.

"మేడం ఫోటో తీసి పంపింది కదమ్మా," అంది శ్రీరమ్య సన్నగా. "నేను తలుపు సందులోంచి చూశాను."

ఆ మాట పూర్తయ్యేలోపే వేదశ్రీ చేతిలో ఫోన్ కదిలింది. రామకాంత్. ఆమె చదివి, దాచుకోవడానికి ఇంకేమీ మిగలక, పైకే చెప్పింది. సంతకం అందింది, అధికారి గారికి పంపించేశాను, ఆయన రేపటిదాకా ఆగక్కర్లేదని ఈ రోజు పన్నెండింటికే వచ్చి ఫైలు మూసేస్తానన్నారు, నువ్వు వెంటనే వచ్చెయ్, అని ఉంది.

పదీ నలభై అయింది. బసవమ్మ లేచి నిలబడింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని, తలుపు బార్లా తెరిచి వసారాలోకి వచ్చింది. ఆమె ఎటు వెళ్తోందో కుర్చీల్లో వాళ్ళకి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. మొగుడు పోయిన మనిషి పదకొండో రోజు దాకా గడప దాటకూడదు. ఆ ఊళ్ళో అలా దాటినవాళ్ళు ఎవరూ లేరు.

వెంకటేశ్వరమ్మ పొయ్యి దగ్గరినుంచి పరుగున వచ్చి ఆమెకు అడ్డం నిలబడింది. "యాడికే? మతి పోయిందా? చిన్నదినం నాడు గడప దాటతావా? లోపలికి పో."

"మిల్లుకి పోతున్నా వదినా. ఆఫీసరు వస్తున్నాడంట. చెప్పాలి."

"నువ్వు పోయి చెప్పేదేముందే? ఏం చెప్తావ్?"

బసవమ్మ జనం వైపు చూసింది. బుల్లయ్యతో యార్డుకి తిరిగినవాళ్ళు ఉన్నారు అందులో, ఆయన నాలుక గురించి పక్క ఊళ్ళలో గొప్పగా చెప్పుకున్నవాళ్ళు ఉన్నారు. అరగంట కిందట ఎవరి ముందు ఆయన పేరు నిలబెట్టడానికి అబద్ధం మీద సంతకం పెట్టిందో, వాళ్ళందరి ముందూ గొంతు తగ్గించకుండా చెప్పింది.

"మీ తమ్ముడికి నాలుగేళ్ళ నుంచి రుచి తెలీదు వదినా. అది చెప్తా. తప్పుకో."